ఒంటి మీద కోపం కంచం మీద చూపకుండా ఉండాలంటే

పొద్దున్నే బయలుదేరే తొందరలో మూడో చొక్కా మార్చారు. అద్దం ముందు పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని చూసుకున్నారు. నడుము దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లాగారు. ఇవాళ పొద్దుటి పూట ఏమీ తినకూడదని అక్కడికక్కడే తీర్మానించుకున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే ఇదీ. కోపం వచ్చింది ఒంటి మీద, శిక్ష పడింది కంచానికి.

ఇలా తీర్మానించుకున్న వాళ్లందరికీ జబ్బు రాదు. తన ఒంట్లో ఏదో ఒకటి నచ్చని మనుషులే లోకంలో ఎక్కువ. కానీ ఏళ్ల తరబడి యువతీయువకులను గమనించిన పరిశోధనల్లో, తరువాత తిండికి సంబంధించిన రుగ్మతల బారిన పడిన వాళ్లలో ముందుగా కనిపించిన వాటిలో ఈ అసంతృప్తి ముఖ్యమైనది. అసంతృప్తి ఉందా లేదా అన్నదాని కంటే, అది మన చేత ఏ పనులు చేయిస్తోందన్నదే ఎక్కువగా చూడాలి. అందుకే మీ ఒంటిని ప్రేమించండి అని నేను చెప్పను. అది ఒకరు చెబితే వచ్చేది కాదు. అసంతృప్తి అద్దం దగ్గర మొదలై కంచం దాకా నడిచే దారిలో కొన్ని అలవాట్లు ఉన్నాయి. మనసు మారేదాకా ఆగకుండా, వాటిని ఒక్కొక్కటిగా మానుకోవడం మొదలుపెట్టవచ్చు.

నేను ఈ దారిలో చాలా దూరం వెళ్లి వెనక్కి వచ్చినవాణ్ణి. పంతొమ్మిదేళ్ల వయసులో నా బెల్టుకు మేకుతో అదనంగా రెండు రంధ్రాలు పొడిచాను. మొదటిది పొడిచిన రోజు ఏదో గెలిచినంత సంతోషపడ్డాను. రెండోది పొడిచిన వారంలోనే ఒకరోజు మెట్లెక్కుతుంటే కళ్లు చీకట్లు కమ్మి, గోడ పట్టుకుని కూలబడ్డాను. అలా కూర్చుని కూడా నేను ఆలోచించింది మూడో రంధ్రం గురించే. అబ్బాయిలకు ఇలాంటి జబ్బులు రావని అప్పట్లో నేనూ నమ్మేవాణ్ణి, నా చుట్టూ ఉన్నవాళ్లూ నమ్మేవారు.

ముందు ఇవి చూసుకోండి

కొన్ని పరిస్థితుల్లో ఇంట్లో కూర్చుని ఏదో చదివి సరిచేసుకోవాలని చూడకూడదు. తిన్నది బలవంతంగా కక్కుకుంటున్నా, విరేచనాల మాత్రలు వాడుతున్నా, కొద్ది వారాల్లోనే బరువు వేగంగా పడిపోతున్నా, నెలసరి ఆగిపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా ముందు డాక్టరును కలవండి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, గుండె లయ తప్పినట్టు అనిపించినా, వాంతిలో రక్తం కనిపించినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా రేపటిదాకా ఆగవద్దు. వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పదేపదే కక్కుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. అది బాగా తగ్గితే గుండె లయ దెబ్బతింటుంది. రక్తపరీక్ష చేస్తే తప్ప ఆ సంగతి బయటపడకపోవచ్చు, మనిషి చూడడానికి ఆరోగ్యంగానే ఉండవచ్చు. మానసిక రుగ్మతల్లో మరణాలు బాగా ఎక్కువగా ఉండేవాటిలో, లావవుతామన్న భయంతో తిండి తగ్గించుకుంటూ పోయే అనోరెక్సియా ఒకటి.

జబ్బు దాకా వెళ్లిందో లేదో తేలడం లేదా? 1999లో బ్రిటన్ వైద్యులు ఐదు ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటి రూపొందించారు. కడుపు బరువుగా ఉందని కావాలని కక్కుకుంటున్నారా? ఎంత తింటున్నారన్న దాని మీద అదుపు పోయిందని భయపడుతున్నారా? మూడు నెలల్లో ఆరు కిలోల పైన తగ్గారా? సన్నగా ఉన్నావని అందరూ అంటున్నా లావుగా ఉన్నాననే నమ్ముతున్నారా? తిండి గురించిన ఆలోచనే మీ జీవితాన్ని నడిపిస్తోందా? కనీసం రెండింటికి అవునన్న జవాబు వస్తే నిపుణులకు చూపించుకోవాలి. ఇది జబ్బును నిర్ధారించే పరీక్ష కాదు, తలుపు తట్టాల్సిన సమయం వచ్చిందని చెప్పే గుర్తు మాత్రమే. ఒక్కదానికే అవునని వచ్చినా మనసులో గుబులు ఉంటే వెళ్లండి.

మొదటి అడుగు: మీ గొలుసును కాగితం మీద చూడండి

ఈ జబ్బుల చికిత్సలో పేరుపొందిన బ్రిటిష్ మనోవైద్యుడు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ వీటికి మూలం ఎక్కడుందో చెప్పారు. మనిషి తన విలువనంతా బరువుతోనూ ఒంటి ఆకారంతోనూ తూచుకోవడమే ఆ మూలం. చదువు, స్నేహాలు, చేతి పని, ఇంట్లో వాళ్లకు తను చేసే సాయం, ఇవేవీ లెక్కలోకి రావు. విలువ అంతా ఒక్కచోటే ఉన్నప్పుడు దాన్ని కాపాడుకోవడానికి నియమాలు పుడతాయి. ఫలానాది తినకూడదు, ఫలానా వేళ దాటాక ముట్టకూడదు అని. నియమం వల్ల ఆకలి పెరుగుతుంది, ఆకలి ముదిరి ఒకరోజు నియమం తెగిపోతుంది. తెగిన రోజు అపరాధభావం, మర్నాడు అంతకంటే కఠినమైన నియమం. కొందరు నియమం తెంచకుండా అలాగే బిగించుకుంటూ పోతారు. కొందరు ఒక్కసారిగా అదుపు తప్పి తిని, దాన్ని కక్కి వదిలించుకుంటారు. మరికొందరు తిని, లోపల్లోపల కుమిలిపోతారు. వరుసగా అనోరెక్సియా, బులీమియా, బింజ్ ఈటింగ్ అని వీటి పేర్లు వేరు. కానీ చాలామంది విషయంలో గొలుసు ఒక్కటే.

అదుపు తప్పి తినడాన్ని మనం బలహీనత అనుకుంటాం. అది ఆకలి చేసే పని అని 1944, 1945 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం చూపించింది. శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు వాళ్ల అవసరంలో దాదాపు సగం తిండే పెట్టారు. వాళ్లంతా శరీరంలోనూ మనసులోనూ దృఢంగా ఉన్నారని పరీక్షించి తీసుకున్న, తమంతట తాము ముందుకొచ్చిన మనుషులు. నెలలు గడిచేకొద్దీ వాళ్ల మాటల్లో తిండి తప్ప మరొకటి లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, కంచాలు నాకారు, ఒక్కో భోజనాన్ని గంటల తరబడి సాగదీశారు. దిగులు, చిరాకు, ఒంటరితనం వాళ్లను కమ్ముకున్నాయి. మళ్లీ తిండి పెట్టాక కొందరు కడుపు పగిలేలా తిని కూడా ఇంకా ఆకలి అన్నారు. ఒంటి మీద అసంతృప్తితో మొదలైన కథ కాదది. తిండి తగ్గించినందుకే మామూలు మనుషులు అలా అయ్యారు. రాత్రి పన్నెండుకి వంటగదిలో నిలబడి చేతికందినదల్లా తిన్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకుంటుంటే, ఆ 36 మందిని గుర్తుచేసుకోండి.

ఇప్పుడు ఒక చిన్న నోటు పుస్తకం తీసుకుని వారం రోజులు రాయండి. కేలరీలు, బరువు, కొలతలు రాయకండి. ఎన్ని గంటలకు తిన్నారు, ఎక్కడ కూర్చుని తిన్నారు, నా ఒళ్లు బాగాలేదు అన్న ఆలోచన ఎప్పుడు వచ్చింది, దానికి ముందు ఏం జరిగింది, ఆ ఆలోచన తరువాత మీరేం చేశారు, అంతే. నాలుగు రోజులకే ఒక సంగతి బయటపడవచ్చు. నా పుస్తకంలో ఆ ఆలోచనలు ఎక్కువగా ఆదివారం సాయంత్రాల్లో ఉన్నాయి. నా ఒళ్లు ఆదివారం నాడు మారిపోదు కదా. మర్నాటి పని గురించిన భయం ఒంటి మీద పడి మాట్లాడుతోందన్నమాట.

రెండో అడుగు: తనిఖీలు తగ్గించండి

అద్దంలో పక్కకు తిరిగి చూడడం, చర్మం పట్టి లాగడం, మణికట్టు చుట్టూ వేళ్లు కలుస్తున్నాయా అని కొలవడం, రోజుకు నాలుగుసార్లు తూకం యంత్రం ఎక్కడం, పాత ఫోటోలతో పోల్చుకోవడం. వీటితో ఊరట వస్తుందనే చేస్తాం. వస్తుంది కూడా, రెండు నిమిషాలు. ఆ తరువాత అనుమానం ఇంకా పెరిగి మళ్లీ చూసుకోవాల్సి వస్తుంది. ఏదైనా ఒక్కచోటే తదేకంగా చూస్తూ ఉంటే అది పెద్దగా కనిపిస్తుంది. మీ గదిలో గోడ మీదున్న చిన్న మరకను ఐదు నిమిషాలు చూసి చూడండి. ఆ తరువాత గదిలోకి అడుగుపెట్టినప్పుడల్లా మీ కంటికి ముందు కనబడేది ఆ మరకే.

ఒక రోజు మొత్తం మీరు చేసిన తనిఖీలను లెక్కపెట్టండి. చాలామందికి ఆ సంఖ్య చూస్తేనే ఆశ్చర్యం వేస్తుంది. తరువాత వాటిలో తేలికైనదాన్ని ఎంచుకుని అదొక్కటే మానండి. అన్నీ ఒకేసారి మానేస్తానంటే అదీ ఇంకో కఠిన నియమం అవుతుంది. తూకం యంత్రాన్ని ఎవరికైనా ఇచ్చి దాచమనండి. డాక్టరు మీ బరువు గమనిస్తుంటే ఆ పని వాళ్లకే వదిలేయండి. లేకపోతే వారానికి ఒక్కసారికి మించి చూడకండి, అదీ తప్పనిసరి అనిపిస్తేనే. నీళ్లు, ఉప్పు, పేగుల్లో ఉన్న ఆహారం, నెలసరి రోజులు, వీటిని బట్టి ఒక్క రోజులోనే బరువు కిలో రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది. ఆ తేడాను చూసి రాత్రి భోజనం మానేస్తే నీళ్లను చూసి కొవ్వని భ్రమపడినట్టే.

అద్దాలన్నిటికీ గుడ్డ కప్పి, ఫోటోల్లోంచి తప్పుకుని, చీకట్లో బట్టలు మార్చుకునే వాళ్లూ ఉన్నారు. అది తనిఖీకి విరుగుడులా అనిపిస్తుంది. కానీ చూడకుండా ఉన్న కొద్దీ మనసు గీసుకునే బొమ్మ నిజం కంటే భయంకరంగా తయారవుతుంది. కాబట్టి అద్దాన్ని దానికి తగ్గ పనికే వాడండి. తల దువ్వుకోవడానికి, గుండీలు సరిచూసుకోవడానికి. చూసుకున్నంతసేపు తల నుంచి పాదాల దాకా మొత్తం చూడండి, ఒక్క భాగం దగ్గర ఆగిపోకండి. మీకు మీరు వర్ణించుకోవాల్సి వస్తే తీర్పు లేని మాటలు వాడండి. అసహ్యమైన తొడలు అని కాక, తొడలు గుండ్రంగా ఉన్నాయి, మోకాలి పైన ఒక మచ్చ ఉంది, చర్మం గోధుమ రంగులో ఉంది అని. చిత్రం గీసేవాళ్లకు ఫోనులో వివరిస్తున్నట్టు. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. అలా చూసుకున్నాక మనసు బాగా కలత చెందుతుంటే ఒంటరిగా చేయకండి, చికిత్స చేసేవారి ముందు చేయండి.

మూడో అడుగు: వేళకు తినండి

అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేదీ ఇదే. రోజుకు మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు. రెండిటి మధ్య నాలుగు గంటలకు మించి ఎడం ఉండకూడదు. ఎంత తినాలి, ఏం తినాలి అన్నది తరువాతి మాట. మొదట వేళ స్థిరపడాలి.

ఆకలి వేసినప్పుడు తింటాను అనుకోకండి. చాలాకాలం ఆకలిని అణచినవాళ్లకు, అదుపు తప్పి తినే అలవాటున్నవాళ్లకు ఆకలి సంకేతాలు సరిగా పనిచేయవు. ఒకరోజు అసలు వినిపించవు, ఒకరోజు తుపానులా వస్తాయి. కొన్ని వారాలు గడియారమే మీకు ఆకలి అనుకోండి. తిన్న కాసేపటికే కడుపు ఉబ్బరంగా, నిండుగా అనిపిస్తే అది లావెక్కడం కాదు. తక్కువ తిండికి అలవాటు పడిన కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, క్రమంగా సర్దుకుంటుంది.

రాత్రి అదుపు తప్పి తిన్నారా? మర్నాడు ఉపవాసం చేయకండి. మీరు గొలుసు తెంచగలిగేది సరిగ్గా అక్కడే. పొద్దుటి పూట మామూలుగా, మామూలు వేళకే తినండి. విరేచనాల మాత్ర తిన్నదాన్ని వెనక్కి తీసేస్తుందన్నది అపోహ. తిండిలోని శక్తిలో చాలా భాగాన్ని చిన్నపేగు పీల్చేసుకుంటుంది, ఆ మాత్రలు ప్రధానంగా పనిచేసేది ఆ తరువాతి పెద్దపేగు మీద. పోయేది నీళ్లూ లవణాలే. కక్కుకోవడం ఇంకా పూర్తిగా మానలేకపోతుంటే, కనీసం వెంటనే పళ్లు తోముకోకండి. నోరు నీళ్లతో పుక్కిలించండి. ఆమ్లంతో మెత్తబడిన పంటి పైపొరను బ్రష్షు అరగదీస్తుంది.

ఒక హెచ్చరిక. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినని వాళ్లు, బరువు బాగా పడిపోయిన వాళ్లు ఒక్కసారిగా తిండి పెంచకూడదు. రక్తంలో ఫాస్ఫేటు హఠాత్తుగా పడిపోయి గుండెకూ మెదడుకూ ప్రమాదం కావచ్చు. ఆ పెంచడం వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.

నాలుగో అడుగు: కంటికి పెట్టే తిండినీ చూసుకోండి

ఫిజీ దీవుల్లోని ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అప్పటిదాకా అక్కడ నిండైన ఒంటినే అందంగా, ఆరోగ్యంగా భావించేవారు. అమెరికన్ పరిశోధకురాలు ఆన్ బెకర్ టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మరోసారి అక్కడి బడి అమ్మాయిలను పరిశీలించారు. తిండి అలవాట్ల గురించిన ప్రశ్నాపత్రంలో ఆందోళన కలిగించే స్థాయిలో మార్కులు వచ్చిన వాళ్లు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి కక్కుకుంటున్నామని చెప్పినవాళ్లు మొదట ఒక్కరూ లేరు. మూడేళ్ల తరువాత 11.3 శాతం ఉన్నారు. అప్పుడు వాళ్ల ముందున్నది ఒక టీవీ తెర. మీ జేబులో ఉన్న తెర మీ చూపు ఎక్కడ ఆగిందో గమనించి, అలాంటివే మరో వంద తెచ్చి పెడుతుంది.

ఇవాళ కూర్చుని ఇరవై నిమిషాలు కేటాయించండి. మీరు అనుసరించే ఖాతాలను ఒక్కొక్కటిగా తెరిచి, చూశాక నా ఒంటి గురించి నాకెలా అనిపిస్తోంది అని మిమ్మల్ని మీరు అడగండి. చిన్నబుచ్చేవాటిని తీసేయండి. ముందు, తరువాత అంటూ పక్కపక్కన పెట్టే ఫోటోలు, రోజంతా ఏం తిన్నానో చెప్పే వీడియోలు, కండలు చూపించి సిగ్గుపడేలా చేసేవి, అన్నీ. కండలు చాలడం లేదనే బెంగతో కుమిలిపోయే యువకులదీ ఈ జబ్బులకు దగ్గరి చుట్టరికమే. రాత్రి పడుకునే ముందు, తినేటప్పుడు ఫోను దూరంగా పెట్టండి.

వీధిలో ఎదురయ్యే వాళ్లతో పోల్చుకోవడం ఒక్కసారిగా ఆగదు. ఒకటి గమనించండి. మనకంటే సన్నగా ఉన్నవాళ్లనే ఏరి చూస్తాం, మిగతావాళ్లు కంటికి ఆనరు. రేపు నడుస్తున్నప్పుడు ఎదురొచ్చే ప్రతి మూడో మనిషిని చూడాలని నియమం పెట్టుకోండి. అప్పుడు లోకం ఎన్ని రకాల ఒళ్లతో నిండి ఉందో తెలుస్తుంది.

ఐదో అడుగు: మాటలకు ముందే జవాబు సిద్ధం చేసుకోండి

"లావయ్యావేమిటి?" "చిక్కిపోయావు, ఇప్పుడే బాగున్నావు!" రెండూ గాయం చేసేవే. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే జబ్బుకు మెప్పు దొరుకుతుంది. "నా ఒంటి గురించి మాట్లాడుకోవద్దు. మీరెలా ఉన్నారు?" అన్న ఒక్క వాక్యం ఇంట్లో బిగ్గరగా నాలుగుసార్లు అని చూసుకోండి. అవసరమైనప్పుడు నోటికి వస్తుంది.

మీరు తల్లి లేదా తండ్రి అయితే పిల్లల ముందు మీ పొట్టను మీరు తిట్టుకోకండి. వాళ్లు ఆ మాటలను దాచుకుంటారు. యుక్తవయసులో అమ్మాయిల ఒంట్లో కొవ్వు పెరగడం ఎదుగుదలలో భాగం. ఆ వయసులో ఆటపట్టించిన మాట ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. బిడ్డ తినడం తగ్గించిందని అనుమానం వస్తే "సన్నబడుతున్నావు" అని మొదలుపెట్టకండి. "నువ్వు మాతో కలిసి భోజనానికి కూర్చోవడం లేదు, నాకు బెంగగా ఉంది" అనండి. మీరు చూసినదీ, మీకు కలిగిన బాధా చెప్పండి. వాదన వద్దు.

బట్టల సంగతి

ఇప్పటి ఒంటికి సరిపోయే బట్టలు వేసుకోండి. బరువు తగ్గాక వేసుకుంటానని దాచినవి, బిగుతుతో రోజంతా ఒంటిని గుర్తుచేసేవి బీరువాలోంచి తీసేయండి. నేను మేకుతో పొడిచిన ఆ బెల్టును చాలాకాలం పారేయలేకపోయాను. చివరికి రంధ్రాలు లేని, ఏ కొలతకైనా జరిగే బకిలు ఉన్న బెల్టు ఒకటి కొనుక్కున్నాక దాన్ని వదిలించుకున్నాను.

ఆరో అడుగు: సాయం అడగండి

జబ్బు ముదిరేదాకా, బాగా సన్నబడేదాకా ఆగనక్కర్లేదు. ఈ రుగ్మతలున్న వాళ్లలో ఎక్కువమంది చూడడానికి మామూలు బరువులోనో అంతకంటే ఎక్కువ బరువులోనో ఉంటారు. బింజ్ ఈటింగ్‌ను ప్రత్యేక రుగ్మతగా అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో చేర్చింది 2013లో. అంతకుముందు ఎందరినో తిండిపోతులని తీసిపారేశారు.

డాక్టరు ముందు కూర్చున్నాక మాట రాకపోవచ్చు. అందుకని రాసుకెళ్లండి: ఎంతకాలంగా, వారానికి ఎన్నిసార్లు అదుపు తప్పి తింటున్నారు, కక్కుకుంటున్నారా, ఏ మాత్రలు వాడుతున్నారు, ఎంత వ్యాయామం చేస్తున్నారు, నెలసరి ఎలా ఉంది, కళ్లు తిరుగుతున్నాయా. బరువు అంకె వినడం భరించలేకపోతే "చూడండి, కానీ నాకు చెప్పకండి" అనవచ్చు, తూకం మీద వెనక్కి తిరిగి నిలబడవచ్చు. రక్తంలో లవణాల పరీక్ష, ఈసీజీ చేయించమని అడగండి. "ఇంత బరువున్నారు, మీకేం జబ్బు?" అని ఎవరైనా కొట్టిపారేస్తే ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్లండి. నన్ను మొదట చూసిన డాక్టరు ఆ మాటే అన్నారు. ఆ తరువాత మరొకరి దగ్గరకు వెళ్లడానికి నాకు ఏడాది పట్టింది. మీరు అంత ఆలస్యం చేయవద్దు.

బులీమియాకూ బింజ్ ఈటింగ్‌కూ ఆలోచనల్నీ అలవాట్లనీ కలిపి సరిచేసే మాటల చికిత్సలు బాగా పనిచేస్తాయి. సాధారణంగా 20 సమావేశాల వరకు ఉంటాయి. అనోరెక్సియా ఉన్న కౌమార వయసు పిల్లలకు తల్లిదండ్రులే భోజనం బాధ్యత తీసుకునే కుటుంబ చికిత్స ఉంది. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980ల్లో రూపుదిద్దుకున్నదది. అందులో తల్లిదండ్రులను దోషులుగా చూడరు, చికిత్సలో భాగస్వాములుగా చూస్తారు.

చికిత్స మొదలయ్యాక కూడా ఎదురుదెబ్బలు తగిలే రోజులు వస్తాయి. ఎవరో ఒక మాట అంటారు, ఒక ఫోటో కంటపడుతుంది, మధ్యాహ్నం భోజనం వదిలేస్తారు. అప్పుడు నోటు పుస్తకంలో మూడు వరుసలు రాయండి: ఏం జరిగింది, ఏం అనుకున్నాను, ఏం చేశాను. నమ్మిన మనిషి ఒకరికి ఫోను చేయండి. సాయంత్రం నాలుగున్నర మీ చిరుతిండి వేళ అయితే, నాలుగున్నరకే కూర్చుని తినండి.